యూరప్ ఎవరి దగ్గర కాపీ కొట్టింది? పేపర్లు దిద్దినవాడి సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: "యూరప్ మేధో చరిత్ర అంటే గ్రీకులు, రోమన్లు, మధ్యలో చీకటి యుగం, తర్వాత పునరుజ్జీవనం అని పుస్తకంలో ఉంది. కోచింగ్‌లో మా సర్ మాత్రం అదంతా అరబ్బుల దగ్గరా మన దగ్గరా ఎత్తుకుపోయిన సరుకే అంటున్నారు. ఏది నిజం?"

నేను డిగ్రీ కాలేజీలో ఇరవై ఏడేళ్లు యూరప్ చరిత్ర చెప్పి రిటైరయ్యాను. పాఠం చెప్పినంత కాలం పేపర్లూ దిద్దాను. మీ ప్రశ్నకి నాకు పనికొచ్చింది పాఠం కన్నా ఆ దిద్దుడే.

ఒకసారి స్పాట్ వాల్యుయేషన్‌లో ఒకే బండిల్‌లో పదకొండు పేపర్లు కాన్‌స్టాంటినోపుల్ 1543లో టర్కుల చేతికి చిక్కిందని రాశాయి. అసలు సంవత్సరం 1453. అందరూ 1453 అనే రాసుంటే నాకు అనుమానమే వచ్చేది కాదు, పాపం చదువుకుని వచ్చారు అనుకునేవాణ్ణి. తప్పు ఒకటే అయ్యేసరికి దొరికిపోయారు. ఒప్పు ఎవరికి వాళ్లు రాయగలరు. అదే తప్పు పదకొండు మందికి విడివిడిగా రాదు. దేశాల మధ్య, భాషల మధ్య ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో తేల్చేటప్పుడు కూడా నేను మొదట వెతికేది తప్పునే.

మీ జేబుతో మొదలుపెడతాను.

ఆర్యభటుడు 499 ప్రాంతంలో అర్ధజ్యల పట్టిక ఇచ్చాడు. జ్య అంటే వింటినారి. వృత్తంలో చాపం విల్లు అయితే దాని రెండు కొసలనీ కలిపే గీత నారి. దానికే జీవ అని ఇంకో పేరు. అరబ్బీలో లెక్కలు రాసుకున్న పండితులు ఈ మాటని అనువదించకుండా 'జీబ' అని అలాగే వాడుకున్నారు. అరబ్బీ రాతలో పొట్టి అచ్చులు మామూలుగా రాయరు, కాగితం మీద కనపడేది జ, య, బ అనే మూడు అక్షరాలే. జీబ అనే మాటకి ఆ భాషలో అర్థం లేదు. అవే మూడు అక్షరాలతో 'జైబ్' అనే మాట మాత్రం ఉంది. బట్ట మడత, చొక్కా మెడ దగ్గరి తెరుపు, రొమ్ము అని దాని అర్థాలు. ఎవరైనా తనకి తెలిసిన మాటనే చదువుకుంటాడు కదా. 12వ శతాబ్దంలో వీటిని లాటిన్‌లోకి మార్చినవాళ్లు జైబ్ అంటే మడతే అనుకుని, లాటిన్‌లో మడతకి ఉన్న 'సినుస్' అనే మాట పెట్టేశారు. ఇంటర్‌లో మనల్ని ఏడిపించిన సైన్ తీటా ఇదే. ముక్కు డాక్టరు చెప్పే సైనస్ కూడా ఆ లాటిన్ మాటే. ఇంకో తమాషా ఏమిటంటే, పారశీకం, ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చిన మన 'జేబు' కూడా ఆ జైబే.

వింటినారికీ జేబుకీ ఏమిటి సంబంధం? ఏమీ లేదు. అందుకే అది తిరుగులేని సాక్ష్యం. సైన్ అనే ఊహ యూరప్‌లో దానంతట అది పుట్టి ఉంటే ఎవడూ దానికి మడత అని పేరు పెట్టడు.

ఇక్కడిదాకా మీ సర్ సంతోషిస్తారు. తర్వాతి ముక్క ఆయనకి నచ్చకపోవచ్చు. ఆర్యభటుడికి ముందే గ్రీకులు పూర్తి నారికి పట్టికలు వేశారు. దాన్ని సగం చేసి వాడటం, లెక్కని తేలిక చేయడం మనవాళ్ల పని. గ్రీకు జ్యోతిషం మన దేశానికి వచ్చిందనడానికి ఆనవాళ్లు పంచాంగంలోనే ఉన్నాయి. 'హోర' గ్రీకు మాట. 'కేంద్రం' గ్రీకు 'కెంట్రాన్'. కేంద్రం నిధులివ్వలేదని రోజూ పేపర్లో చదువుతున్నామే, ఆ కేంద్రమే. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు దీన్ని దాచుకోలేదు. యవనులు, అంటే గ్రీకులు, మ్లేచ్ఛులే అయినా ఈ శాస్త్రం వాళ్ల దగ్గర చక్కగా ఉంది కాబట్టి వాళ్లనీ ఋషుల్లా పూజిస్తారని శ్లోకంలో రాశాడు. మరి గ్రీకులకి ఎక్కడిది? గ్రీకు ఖగోళ పండితుడు టాలెమీ ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో కూర్చుని, క్రీ.పూ. 721 నాటి బాబిలోన్ గ్రహణాల రికార్డుల్ని తన లెక్కల్లో వాడుకున్నాడు. గంటకి 60 నిమిషాలు, వృత్తానికి 360 డిగ్రీలు అనే 60 పద్ధతి బాబిలోన్‌దే. కాబట్టి 'అసలు సొంతదారు ఎవరు' అని తవ్వుకుంటూ పోతే మట్టి పలకల దాకా వెళ్తారు, అక్కడా ఆగరు.

ఇలాంటి తప్పులు ఇంకా బోలెడున్నాయి. మన ఆర్ద్ర నక్షత్రాన్ని ఇంగ్లీషులో బెటెల్‌జూస్ అంటారు. అరబ్బీలో అది 'యద్ అల్ జౌజా', అంటే జౌజా చెయ్యి. ఇంగ్లీషులో ఓరియన్ అనే నక్షత్రాల గుంపుకి అరబ్బులు పెట్టిన పేరు జౌజా. ఆ లిపిలో మాట మొదట్లో వచ్చే 'య'కి కింద రెండు చుక్కలు, 'బ'కి ఒకటే. లాటిన్‌లోకి వచ్చేటప్పుడు ఒక చుక్క జారిపోయి 'య' కాస్తా 'బ' అయింది. ఒక్క చుక్క ఎగిరిపోయినందుకు ఆకాశంలో ఒక నక్షత్రం పేరు శాశ్వతంగా మారిపోయింది. బాగ్దాద్ గణిత పండితుడు అల్ ఖ్వారిజ్మీ సంగతీ అంతే. భారతీయ లెక్కల మీద తొమ్మిదో శతాబ్దంలో ఆయన రాసిన పుస్తకం అరబ్బీలో మిగల్లేదు, లాటిన్‌లోనే దొరికింది. 'అల్గోరిజ్మి చెప్పాడు' అని మొదలవుతుంది. కొన్నాళ్లకి అది మనిషి పేరన్న సంగతే మరిచిపోయారు. 15వ శతాబ్దపు ఒక ఇంగ్లీషు లెక్కల పుస్తకం, ఈ విద్యని అల్గోర్ అనే ఇండియా రాజు కనిపెట్టాడని రాసింది. అలాంటి రాజు ఎవడూ లేడు. కానీ లెక్క ఏ దిక్కు నుంచి వచ్చిందో ఆ తప్పులో భద్రంగా ఉంది. ఇవాళ అందరి నోటా నలుగుతున్న అల్గారిథమ్ ఆయన పేరే.

అంకెల కథ చాలామందికి తెలుసు కాబట్టి రెండు మూడు ముక్కలే చెబుతాను. బ్రహ్మగుప్తుడు సున్నతో కూడికలు, తీసివేతల సూత్రాలు రాసింది 628లో. 662లో సిరియాలో సెవేరుస్ సెబోఖ్త్ అనే బిషప్, గ్రీకుల డాబు భరించలేక, భారతీయులు తొమ్మిది గుర్తులతోనే లెక్కంతా చేస్తారు చూడండని రాశాడు. 976లో స్పెయిన్‌లోని ఒక మఠంలో రాసిన ప్రతిలో ఈ తొమ్మిదీ కనపడతాయి, సున్న ఉండదు. ఇటలీలోని పీసా నగరం వర్తకుల పని మీద తండ్రి బుగియాలో, అంటే ఇప్పటి అల్జీరియాలో, కస్టమ్స్ ఆఫీసులో ఉంటే ఫిబొనాచ్చి అక్కడ ఈ లెక్క నేర్చుకుని 1202లో పుస్తకం రాశాడు. అందులో 'భారతీయుల తొమ్మిది అంకెలు' అని చెప్పి, వాటిని 9 8 7 6 5 4 3 2 1 అనే వరుసలో పెట్టాడు. కుడి నుంచి ఎడమకి రాసే అలవాటు ఉన్న చోట నేర్చుకున్న ఆనవాలు అది. సున్న దగ్గర మాత్రం పొరపాటు జరగలేదు. శూన్యం అంటే ఖాళీ అని తెలిసి అరబ్బులు 'సిఫ్ర్' అన్నారు, ఫిబొనాచ్చి 'జెఫిరుమ్' అన్నాడు, ఇటలీలో నలిగి నలిగి 'జీరో' అయింది.

మంచిది కదా అని వెంటనే అందరూ నెత్తిన పెట్టుకున్నారా? లేదు. 1299లో ఫ్లోరెన్స్‌లో డబ్బు మార్పిడి వ్యాపారుల సంఘం ఖాతా పుస్తకాల్లో ఈ అంకెలు వాడకూడదు, సొమ్ముని అక్షరాల్లో రాయాలి అని రూలు పెట్టింది. సున్నకి ఒక తోక తగిలిస్తే ఆరో తొమ్మిదో అయిపోతుంది మరి. ఇప్పటికీ మనం చెక్కు మీద అంకె వేశాక 'అక్షరాలా పదివేల రూపాయలు మాత్రమే' అని రాస్తున్నాం. ఫ్లోరెన్స్ వ్యాపారికి ఉన్న టెన్షనే మన బ్యాంకుకీ ఉంది.

మీరు బాగా పట్టుకోవాల్సింది టొలెడో. యూరప్‌కి బయటి విద్య ఎలా వచ్చింది అని అడిగితే, ఏదో గాలిలో తేలి వచ్చినట్టు 'ప్రభావం' అని రాస్తాం. అది గాలిలో రాలేదు. ఒక బల్ల దగ్గర ఇద్దరు మనుషులు కూర్చుంటే వచ్చింది.

స్పెయిన్‌లోని టొలెడోని 1085లో కాస్టీల్ రాజు ఆరో అల్ఫోన్సో ముస్లిం పాలకుల నుంచి తీసుకున్నాడు. పాలన మారినా అరబ్బీ పుస్తకాలూ, అరబ్బీ చదవగల యూదులూ, అరబ్బీయే మాట్లాడే క్రైస్తవులూ ఊళ్లోనే ఉన్నారు. ఇబ్న్ సీనా ఆత్మ గురించి రాసిన గ్రంథాన్ని అక్కడ లాటిన్ చేసినప్పుడు, పని ఎలా జరిగిందో ముందుమాటలోనే ఉంది. అవెందౌత్ అనే యూదు పండితుడు అరబ్బీ పేజీ చూస్తూ ఒక్కో మాటనీ ఊళ్లో జనం మాట్లాడే భాషలో పైకి చెప్పాడు. పక్కన గుండిసాలినుస్ అనే క్రైస్తవ మతాధికారి విన్న మాటని విన్నట్టు లాటిన్‌లో రాసుకున్నాడు. రిజిస్ట్రార్ ఆఫీసు బయట దస్తావేజు రాయించేటప్పుడు ఒకరు చెబుతుంటే ఇంకొకరు రాస్తారే, ఇంచుమించు అలా. అరిస్టాటిల్ ఆలోచనని బుఖారా వైపు పుట్టిన ముస్లిం వైద్యుడు తన తీరులో తిరగరాస్తే, దాన్ని యూదుడు చదివితే, క్రైస్తవుడు రాసుకున్నాడు. మధ్యలో వాళ్లిద్దరినీ కలిపిన భాషకి అప్పటికి పండితుల్లో విలువే లేదు, అది బజారు భాష.

అదే ఊరికి ఇటలీలోని క్రెమోనా నుంచి గెరార్డ్ వచ్చాడు. టాలెమీ రాసిన ఖగోళ గ్రంథం అల్మాజెస్ట్ ఒక్కటి కావాలని వచ్చాడు, లాటిన్‌లో ఎక్కడా దొరకలేదు కాబట్టి. వచ్చి చూస్తే ప్రతి శాస్త్రంలోనూ అరబ్బీలో గుట్టలు గుట్టలుగా పుస్తకాలు. లాటిన్ వాళ్ల పేదరికం చూసి జాలిపడి, అనువాదం కోసం అరబ్బీ నేర్చుకున్నాడని శిష్యులు రాశారు. 1187లో చనిపోయేదాకా అదే పని. డెబ్భైకి పైగా పుస్తకాలు! యూక్లిడ్, అల్ ఖ్వారిజ్మీ బీజగణితం, అల్ రాజీ వైద్యం, ఇబ్న్ సీనా వైద్య శాస్త్రం అన్నీ అందులో ఉన్నాయి. పుస్తకాల మీద పేరు వేసుకునే అలవాటు ఆయనకి లేదు. ఆయన పోయాక ఎవరో తమవని చెప్పుకోకుండా శిష్యులు కూర్చుని జాబితా రాశారు కాబట్టి మనకి తెలిసింది. ఇబ్న్ సీనా వైద్య గ్రంథాన్ని యూరప్ విశ్వవిద్యాలయాల్లో 17వ శతాబ్దం దాకా చెప్పారు. మన దగ్గర ఏ టెక్స్ట్‌బుక్కైనా ఐదేళ్లు ఉంటే గొప్ప.

మీ సర్ 'ఎత్తుకుపోయారు' అన్న మాటతో నాకు పేచీ ఇక్కడే. ఎత్తుకుపోయినవాడు ఊరూ పేరూ చెరిపేస్తాడు. వీళ్లు గురువు పేరు చెప్పుకుని కొట్టుకున్నారు. 1210లో పారిస్‌లో అరిస్టాటిల్ ప్రకృతి గ్రంథాలు, వాటి వ్యాఖ్యానాలు చదివితే మతం నుంచి వెలివేస్తామన్నారు. 1255 కల్లా అదే పారిస్‌లో అవే పుస్తకాలు సిలబస్. ఆ అరిస్టాటిల్‌ని అర్థం చేసుకోవడానికి వాళ్లు పట్టుకున్నది కార్డోబాకి చెందిన ఇబ్న్ రుష్ద్‌ని. లాటిన్‌లో 'ది ఫిలాసఫర్' అంటే అరిస్టాటిల్, 'ది కామెంటేటర్' అంటే ఇబ్న్ రుష్ద్. పేరు చెప్పక్కర్లేదు. లోకానికి మొదలు లేదా, మనుషులందరికీ కలిపి బుద్ధి ఒక్కటేనా అని ఆయన లేవదీసిన చిక్కుల మీద పారిస్ రెండుగా చీలింది. 1270లో థామస్ అక్వినాస్ ఆయన అనుచరుల్ని ఖండిస్తూ పుస్తకం రాశాడు, 1277లో బిషప్ తాంపియే 219 ప్రతిపాదనల్ని నిషేధించాడు. అయినా ఇటలీ కవి డాంటే తన కావ్యంలో ఇబ్న్ రుష్ద్‌ని శిక్షల మధ్య కాకుండా నరకం గడపలో, గ్రీకు పెద్దల పక్కన కూర్చోబెట్టాడు. సొంత ఊళ్లో మాత్రం 1195లో ఆయన్ని వెళ్లగొట్టారు, పుస్తకాలు తగలబెట్టారు.

యూరప్ సొంతంగా చేసింది ఏమిటి అని అడిగితే నేను ఈ జగడాన్నే చూపిస్తాను. విశ్వవిద్యాలయం అనే సంఘం పెట్టుకుని, దానికి చట్టంలో సొంత హోదా తెచ్చుకుని, బయటి పుస్తకాల మీద తరం తర్వాత తరం వాదించుకుంటూ పోయారు. బిషప్ నిషేధించినా ఆ సంఘం మూతపడలేదు. ఇది చిన్న పని కాదు.

ఇక 1453. కాన్‌స్టాంటినోపుల్ కూలగానే గ్రీకు పండితులు మూటలు కట్టుకుని ఇటలీ పారిపోయారు, దాంతో పునరుజ్జీవనం మొదలైంది అని చాలా గైడ్లలో ఉంటుంది. కానీ కాన్‌స్టాంటినోపుల్ పండితుడు మాన్యుయెల్ క్రిసోలోరాస్ ఫ్లోరెన్స్‌లో గ్రీకు పాఠాలు మొదలుపెట్టింది 1397లో. నగరమే జీతమిచ్చి పిలిపించుకుంది. 1453కి ఆ పాఠాలు మొదలై 56 ఏళ్లు. పరీక్షలో ఆ గైడు వాక్యం రాయకండి.

ఈ గ్రీకు మోజులోనే మరుపు కూడా మొదలైంది. ఇటలీ కవి పెట్రార్క్ 14వ శతాబ్దంలో ఒక డాక్టరు మిత్రుడికి ఉత్తరం రాస్తూ, అరబ్బుల నుంచి మంచిదేదైనా వస్తుందంటే తాను నమ్మలేనన్నాడు. ఆ డాక్టరు చదివి పాసైన పుస్తకాల్లో సగం అరబ్బీ నుంచి వచ్చినవే! నేరుగా గ్రీకు ప్రతులు చేతికొచ్చాక మధ్యవర్తి ఎందుకు అనిపించింది. మీ పుస్తకంలో గ్రీకుల నుంచి పునరుజ్జీవనానికి ఒకటే గెంతు ఉండటానికి మూలం ఆ చిన్నచూపు.

ఇప్పుడు జాగ్రత్తగా ఉండాల్సిన చోట్లు. భూమి కాదు, సూర్యుడే మధ్యలో ఉన్నాడని చెప్పిన కోపర్నికస్ 1543 పుస్తకం తీసుకోండి. 1957లో ఒక పరిశోధకుడు గమనించింది ఏమిటంటే, అందులో చంద్రుడి కదలికకి వేసిన నమూనా, డమాస్కస్ పెద్ద మసీదులో నమాజు వేళలు లెక్కగట్టే ఉద్యోగి ఇబ్న్ అల్ షాతిర్ 14వ శతాబ్దంలో వేసిందే. దానికన్నా ముందు ఇరాన్‌లోని మరాఘా వేధశాలలో తూసీ అనే ఖగోళ పండితుడు గీసిన ఒక పటం కూడా కోపర్నికస్‌లో ఉంది. పటం మీద గుర్తుపెట్టిన అక్షరాలు ఒక్కటి తప్ప తూసీ అరబ్బీ అక్షరాలకి సరిపోతున్నాయి. ఆ తేడా పడ్డ ఒక్కటీ, అరబ్బీలో చూడగానే పొరబడే అక్షరమేనని ఒక వాదన. నా బండిల్‌లోని పదకొండు పేపర్లు గుర్తొచ్చాయా? అయినా ఈ పటం ఏ దారిన పోలండ్ చేరిందో చెప్పే కాగితం లేదు, సొంతంగానే గీశాడనే పండితులూ ఉన్నారు. ఒకటి మాత్రం ఖాయం: సూర్యుణ్ణి మధ్యలో పెట్టింది మరాఘా వాళ్లు కాదు.

కేరళ గణిత పండితుడు మాధవుడి విషయంలో నేను ఇంకా గట్టిగా ఆగుతాను. పై (π) విలువకి అనంత శ్రేణిని ఆయన సంప్రదాయం జర్మన్ పండితుడు లైబ్నిజ్ కన్నా చాలా ముందే ఇచ్చింది. 'యుక్తిభాష'లో మలయాళంలో ఉపపత్తితో సహా ఉంది. ఈ గొప్పదనంలో సందేహమేమీ లేదు. కానీ జెసూట్ ఫాదర్లు, అంటే క్యాథలిక్ మత ప్రచారకులు, దాన్ని యూరప్‌కి మోసుకెళ్లారనడానికి ఉత్తరం లేదు, అనువాదం లేదు, అటు నుంచి ఇటు పాకిన తప్పు ఒక్కటీ లేదు. ఉన్నదల్లా ఇద్దరికీ ఒకే సరైన జవాబు. పేపర్లు దిద్దేవాడిగా సరైన జవాబు చూసి కాపీ కేసు రాయలేను. 0, 1 అనే రెండే అంకెలతో చేసే లెక్కని లైబ్నిజ్ చైనా ప్రాచీన గ్రంథం ఈ-జింగ్ నుంచి తీశాడన్నదీ అలాంటిదే. 1679లోనే రాసిపెట్టుకున్నాడు, ఫాదర్ బూవే పంపిన చైనా పటం చేతికొచ్చింది 1703లో.

అలాగని చైనా ప్రభావం లేదనుకోకండి, అది వేరే రకం. జెసూట్లు 1687లో పారిస్‌లో కన్ఫ్యూషియస్‌ని లాటిన్‌లో అచ్చు వేశారు. 1721లో జర్మనీలోని హాలె విశ్వవిద్యాలయంలో క్రిస్టియన్ వోల్ఫ్ అనే ఫిలాసఫీ ప్రొఫెసర్ ఉపన్యాసమిస్తూ, బైబిల్ వెలుగు సోకకుండానే చైనావాళ్లు బుద్ధితో నీతిని కనుక్కున్నారు అన్నాడు. తోటి మతశాస్త్ర ప్రొఫెసర్లు మండిపడ్డారు. ప్రష్యా రాజు 1723లో ఉత్తర్వు ఇచ్చాడు: 48 గంటల్లో రాజ్యం వదిలి పోకపోతే ఉరి. ప్రొఫెసర్ పెట్టె సర్దుకుని మార్బుర్గ్ పోయాడు. దేవుడితో పనిలేకుండా నీతి నిలుస్తుందా అనేది ఆ శతాబ్దంలో యూరప్‌ని కుదిపిన ప్రశ్న. ఆ ప్రశ్నకి బతికున్న ఉదాహరణగా చైనా పనికొచ్చింది. ఇక్కడ తీసుకున్నది లెక్కో యంత్రమో కాదు, సొంత ఇంట్లో గొడవకి ఒక సాక్షి.

మన దేశం దగ్గరికి వస్తే, విలియం జోన్స్ 1786 కలకత్తా ప్రసంగం, సంస్కృతం, గ్రీకు, లాటిన్ అక్కచెల్లెళ్లు అన్న మాట, మీ నోట్సులో ఉండే ఉంటుంది. లేనిది మద్రాసు కథ. 1816లో కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం ఇంగ్లీషులో రాస్తే, దానికి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అనే కలెక్టరు ఒక పీఠిక జోడించాడు. అప్పటిదాకా కలకత్తా పండితులు దక్షిణాది భాషలన్నీ సంస్కృతం నుంచే పుట్టాయంటున్నారు. ఎల్లిస్ తెలుగు ధాతువులు, సంస్కృత ధాతువులు పక్కపక్కన పెట్టి, తెలుగు మూలం వేరనీ, తమిళం, కన్నడం దాని తోడబుట్టినవనీ చూపించాడు. ఏ మాట అరువు, ఏది సొంతం అని విడదీయడానికి ఆయన వాడిన త్రాసు మన వ్యాకర్తలదే: తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం. ఆ వివరణకి ఆయన పేరు పెట్టి ఉదహరించింది బందరు వర్తకుడు, 'ఆంధ్ర దీపిక' నిఘంటువు రాసిన మామిడి వెంకయ్యని. అదే 1816లో జర్మనీలో బాప్ సంస్కృత, గ్రీకు, లాటిన్ క్రియల్ని పోల్చి పుస్తకం వేశాడు. భాషా కుటుంబాల శాస్త్రం మొదలైన సంవత్సరంగా చరిత్రలో చెప్పేది ఆ బాప్ పుస్తకాన్నే. 1819లో ఎల్లిస్ చనిపోయాడు. 1856లో కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల వ్యాకరణం వచ్చాక పేరంతా అటు వెళ్లింది.

పదిహేను మార్కుల ప్రశ్న వస్తే టొలెడో బల్లకి ఒక పేరా ఇవ్వండి, మామిడి వెంకయ్యకి రెండు వాక్యాలు. నాలుగు వందల పేపర్లలో అదే గైడు చదివి చదివి విసిగిపోయిన మనిషి అక్కడ పెన్ను ఆపుతాడు. సంవత్సరాలు మాత్రం తారుమారు చేయకండి, 1453 వేరు, 1543 వేరు.